తలుపు కింద బొటనవేలు

మొన్న ఎండాకాలంలో హరిద్వార్ బస్సు కోసం టెర్మినల్‌లో కూర్చుని ఉండగా, ఒకామె తన కూతుర్ని ఆడవాళ్ళ మరుగుదొడ్డి వైపు ఈడ్చుకుపోవడం చూశాను. పిల్లకు నాలుగేళ్ళు ఉంటాయేమో. రెండు చేతులతో ఇనప కమ్మీని పట్టుకుని వదలనంటే వదలనని ఒకటే ఏడుపు. తల్లి ముఖంలో కోపం కూడా అయిపోయి అలసట ఒక్కటే మిగిలింది. లేచి వెళ్ళి ఆమెతో ఒక మాట చెప్పాలని నాకు తెలుసు. ఆ మాట ఏమిటో కూడా తెలుసు. కానీ మోకాళ్ళ నొప్పి, ఒళ్ళో రెండు సంచులు, బస్సు వచ్చే వేళ. కూర్చునే ఉన్నాను.

ఆవిడ అయితే కూర్చునేవారు కాదు.

ఆవిడ మా ఆఫీసులో అసిస్టెంటు. నేను ఢిల్లీలో టైపిస్టుగా చేరేనాటికే ఆవిడకు ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది. కడప జిల్లా ప్రొద్దుటూరు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆర్.కె. పురంలో మేముండే సెక్టారుకు రెండు సెక్టార్ల అవతల, ఒక గది క్వార్టరులో ఒక్కరే ఉండేవారు. సన్నగా, కాస్త ముందుకు వంగి, ఎడమ చెయ్యి ఎప్పుడూ నడుము మీద పెట్టుకుని నడిచేవారు. అది అలవాటు అనుకునేదాన్ని. నొప్పి అని తర్వాత తెలిసింది.

ఆవిడ హిందీలో స్త్రీలింగమే లేదు, లోకమంతా మగవాళ్ళే. బస్సు మగవాడు, చాయ్ మగవాడు, మా ఆఫీసరుగారి భార్య కూడా మగవాడే. ఇరవై ఏళ్ళు ఢిల్లీలో ఉండి ఆ ఒక్క తప్పూ దిద్దుకోలేదు. ఎవరైనా నవ్వితే, “నేను చెప్పేది వానికి అర్థమయింది గదా, ఇంక నవ్వేదెందుకు?” అనేవారు.

ఆఫీసులో ఆవిణ్ణి చాటుగా ఎగతాళి చేసేవారు. కారణం ఆవిడ సంచీ. నల్ల రెక్సిన్ సంచీ, చేతిపట్టీలు తెగితే నవారుతో కుట్టించుకున్నది. అందులో ఒక చిన్న ఇత్తడి చెంబు, చతురస్రాలుగా కత్తిరించిన పాత పేపర్లు, తగరపు డబ్బాలో అరిగిపోయిన సబ్బుముక్కలు, గడియ లేని తలుపులు కట్టుకోడానికి జానెడు తాడు, అగ్గిపెట్టె. ఢిల్లీలో ఆడది ఏ మూలకి వెళ్ళినా ఒంటికి వెళ్ళడానికి చోటెక్కడుందో ఆవిడకు తెలుసు. ఫలానా ఆస్పత్రిలో పది గంటల లోపే శుభ్రం. ఫలానా సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి ముందే వెళ్ళాలి. ఫలానా చేనేత దుకాణంలో పైఅంతస్తులో ఉంది, కానీ చీర కొనడానికి వచ్చినట్టు రెండు చీరలు విప్పించి చూసి అప్పుడడగాలి. కొత్తగా చేరిన ఆడపిల్లలకి ఫైళ్ళ సంగతి కన్నా ముందు ఈ సంగతులు చెప్పేవారు. వాళ్ళు సిగ్గుతో తలొంచుకునేవాళ్ళు. వారం తిరక్కుండా వాళ్ళే ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి గుసగుసగా ఏదో అడగడం చూసేదాన్ని.

నాకు మాత్రం ఆవిడతో పని పడింది మా అమ్మాయి వల్ల.

వాణికి అప్పుడు అయిదేళ్ళు. మూడున్నర ఏళ్ళప్పుడు విజయవాడ నుంచి వస్తుంటే రైల్లో మరుగుదొడ్డికి తీసుకెళ్ళాను. ఆ చిల్లులోంచి కింద పట్టాలు పరుగెత్తడం చూసింది. ఆ చప్పుడు వింది. రైలు కుదుపుకి నేను పట్టు తప్పి, దాని కాలు ఒక్క క్షణం ఆ చిల్లు మీదకి జారింది. ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో తప్ప ఇంకెక్కడా వెళ్ళదు. స్కూల్లో వెళ్ళదు. స్కూలయ్యాక మా ఆఫీసు దగ్గరి క్రెష్‌లో ఉంచేవాళ్ళం, అక్కడా వెళ్ళదు. పొద్దున్న ఏడున్నరకు ఇంట్లో బయల్దేరితే సాయంత్రం ఆరున్నరకు తిరిగి వచ్చేదాకా బిగబట్టుకునే ఉండేది. నీళ్ళు తాగడం మానేసింది. పెదాలు పగిలేవి. రెండుసార్లు జ్వరం వచ్చింది. డిస్పెన్సరీ డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసి నన్ను పైనుంచి కిందకి చూసింది.

“ఇలాగే అలవాటైతే కిడ్నీలు పోతాయి. మీరేం చేస్తున్నారు?” అంది.

నేనేం చేస్తున్నాను? పొద్దున్నే లేచి నీళ్ళు పట్టి, వంట చేసి, పిల్లకు జడలు వేసి, పరుగెత్తి బస్సు పట్టుకుని, రోజంతా టైపు కొట్టి, మళ్ళీ బస్సు పట్టుకుని వస్తున్నాను. మావారు నెలలో పదిహేను రోజులు టూర్ల మీదే ఉండేవారు. బతిమాలాను, చాక్లెట్లు ఆశ చూపాను, భయపెట్టాను. ఏదీ పనిచెయ్యలేదు.

ఒక సాయంత్రం ఆఫీసు బస్సులో దాని వల్ల కాలేదు. సీటు తడిసింది, గౌను తడిసింది, పక్కనున్న పెద్దమనిషి పంట్లాం కాస్త తడిసింది. ఆయన లేచి నిలబడి అందరికీ వినిపించేలా ఏదో అన్నాడు. బస్సంతా మా వైపు చూసింది. నాకు ఏమయిందో తెలియదు, వాణిని చెంప మీద కొట్టాను. ఒకటి కాదు, రెండు.

వెనక సీట్లోంచి ఆవిడ లేచి వచ్చారు. తడిసిన పిల్లని ఎత్తి తన ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఆవిడ నేతచీర అంతా తడిసిపోతోంది. చీర సర్దుకోను కూడా లేదు.

“కొట్టబాకమ్మా,” అన్నారు నాతో, మెల్లగా. “పొద్దున్నుంచి ఆపుకున్న బిడ్డ. ఎంత కష్టపడిందో నీకేం తెలుసు?”

నాకు ఏడుపొచ్చింది. బస్సు దిగి ముగ్గురం నడుస్తుంటే జరిగిందంతా చెప్పాను. విని, “ఆదివారం మధ్యాహ్నం వస్తా, పాపను తయారు చెయ్యి. వేరుశెనక్కాయలు కొనిపెట్టు,” అన్నారు. అంతే. ఇంకే సలహా ఇవ్వలేదు.

మా సెక్టారు మార్కెట్టు వెనకాల ఒక పబ్లిక్ మరుగుదొడ్డి ఉండేది. పసుపు సున్నం వేసిన గోడలు, పైన రేకులు. దాని ఎదుట రోడ్డుకు ఇవతల ఒక సిమెంటు బల్ల. ఆ ఆదివారం వాణిని ఆ బల్ల మీద కూర్చోబెట్టి ఆవిడ వేరుశెనక్కాయలు ఒలిచి పెట్టసాగారు. లోపలికి వెళ్దామన్న మాట ఎత్తలేదు.

“పాపా, నీకు లెక్క వచ్చునా? లోపలికి ఎంతమంది పోతాండారో, ఎంతమంది బయటికి వస్తాండారో లెక్కబెట్టు. ఎవరైనా తక్కువైతే నాకు చెప్పు.”

వాణి శ్రద్ధగా లెక్క పెట్టింది. ముగ్గురు వెళ్ళారు, ముగ్గురు వచ్చారు. నలుగురు వెళ్ళారు, ముగ్గురే వచ్చారు. పచ్చ దుపట్టా వేసుకున్న ఒకామె రాలేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. వాణి లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది.

“ఆంటీ, వో నహీ ఆయీ,” అంది. ఇంట్లో తెలుగు వింటుంది గానీ జవాబు హిందీలోనే.

“అవును, రాలేదు. చూద్దాం,” అన్నారు ఆవిడ. ఏమీ కాదని ధైర్యం చెప్పలేదు. తనూ ఆత్రంగా ద్వారం వైపే చూస్తూ కూర్చున్నారు. అది నటన కాదేమో అని నాకిప్పటికీ అనుమానం.

చాలాసేపటికి ఎర్రచీర కట్టుకుని, తలంతా నూనె రాసి దువ్వుకుని ఒకామె బయటికి వచ్చింది. చేతిలో ఒక మూట. వాణి ఆమె ముఖం చూడలేదు, కాళ్ళ వైపు చూసింది.

“జూతే వహీ హైఁ!” అని అరిచింది. చెప్పులు అవే! లోపల బట్టలు మార్చుకుని ఏ పెళ్ళికో బయల్దేరిందన్నమాట.

“చూసినావా? పచ్చగా పోయి ఎర్రగా వచ్చింది, అంతే తేడా,” అన్నారు ఆవిడ. ముగ్గురం నవ్వాం. ఆ రోజుకి అంతే. ఇంటికి వచ్చేశాం.

తర్వాతి ఆదివారం ద్వారం దాకా. ఆ తర్వాతి ఆదివారం లోపలికి, కానీ తలుపులన్నీ బార్లా తెరిచి. వాణికి నీళ్ళ తొట్టి గొలుసు లాగితే వచ్చే హోరు భయం. “నువ్వు చెప్పినప్పుడే లాగుతా. చెప్పకపోతే లాగనే లాగను,” అని ఆవిడ గొలుసు పట్టుకుని నిలబడ్డారు. ఆ కంపులో, తడి నేల మీద, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చెయ్యి గొలుసు మీద పెట్టి ఎంతసేపు నిలబడ్డారో. అక్కడ ఊడ్చే ఆమె చీపురు ఆపి చోద్యం చూసింది. చివరికి ద్వారం బయటి నుంచి వాణి గొంతు, “ఖీంచో!” లాగండి అని. ఆవిడ లాగారు. వాణి చెవులు మూసుకుని పరుగెత్తింది, తిరిగి వచ్చింది, మళ్ళీ “ఖీంచో!” అంది. ఏడుసార్లు లాగించింది. తొట్టి నిండటానికి పట్టే సమయమంతా ఆవిడ అలాగే నిలబడ్డారు.

అన్ని ఆదివారాలూ అంత బాగా జరగలేదు. నాలుగో వారమో అయిదో వారమో, తలుపు గాలికి ధడాలున మూసుకుంది. లోపల చీకటి. వాణి పెట్టిన కేకకు మార్కెట్టులో జనం పోగయ్యారు. అది నన్ను కరుచుకుని గంటసేపు వెక్కింది. అంతా మొదటికి వచ్చింది. నాకు విసుగు, నీరసం. ఇంట్లో వారం బట్టలు ఉతకకుండా పడి ఉన్నాయి.

“వద్దు అక్కయ్యగారూ, వదిలెయ్యండి. పెద్దయితే అదే పోతుంది. మీకెందుకీ శ్రమ?” అన్నాను.

ఆవిడ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. నడుం మీద చెయ్యి వేసుకున్నారు. వాణి కాస్త దూరంలో వేరుశెనగ తొక్కలు ఏరుకుంటోంది.

“పెద్దయితే పోదమ్మా,” అన్నారు. “నేను ఉద్యోగంలో చేరినపుడు ఆ అంతస్తు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆడోళ్ళ గది వేరే బిల్డింగులో ఉండె. పోయి రావాలంటే పావుగంట. నేను లేస్తే మా సూపరింటెండెంటు గడియారం చూసేవాడు. ఏమీ అనడు. చూస్తాడు, అంతే. అందరూ తలలెత్తి చూస్తారు. రెండు రోజులకి నాకు సిగ్గయింది. నీళ్ళు తాగేది మానేసినాను. పొద్దున కాఫీ లేదు, మధ్యాహ్నం మజ్జిగ లేదు. ఎనిమిదేళ్ళు. అందరూ నన్ను మంచి పనిమంతురాలు, సీట్లోంచి కదలదు అని మెచ్చుకుంటాండ్రి.”

నడుం మీది చెయ్యి తీసి చూపించారు. “ఇప్పుడు ఇది. కిడ్నీ ఒకటి పూర్తిగా పోయిందంట, రెండోది సగం. డాక్టరు రోజుకు మూడు సీసాలు నీళ్ళు తాగమంటాడు. తాగినాక పోవల్ల గదా. అందుకే ఆ సంచీ.”

ఆ సంచీని చూసి నేనూ నవ్వినదాన్నే.

“నాకు అప్పట్లో ఒక్కరైనా, పోయి రామ్మా, నేను ఇక్కడ నిలబడుంటాను అని చెప్పింటే...” అంటూ లేచి చీర దులుపుకున్నారు. “సరే, ఇయ్యాల్టికి చాలు. వచ్చే ఆదివారం చూద్దాం.”

తర్వాతి ఆదివారం ఆవిడకి ఒక ఆలోచన తట్టింది. ఆ మరుగుదొడ్డి తలుపుల కింద జానెడు ఖాళీ ఉండేది. ఆవిడ చెప్పు విడిచి, కుడికాలు ఆ ఖాళీలోంచి లోపలికి కనిపించేలా పెట్టారు. ఆ కాలి బొటనవేలి గోరు చీలి నల్లగా ఉండేది, చిన్నప్పుడు రోకలి పడిందట.

“నా వేలు కనపడుతుందా పాపా?”

“హాఁ.”

“నేను ఉన్నాననేదానికి ఇదే గుర్తు. నువ్వు ‘ఆంటీ’ అంటే వేలు ఆడిస్తా.”

తలుపు చేరేశారు, గడియ పెట్టలేదు. లోపల్నించి చిన్న గొంతు, “ఆంటీ?” వేలు ఆడింది. “ఆంటీ?” మళ్ళీ ఆడింది. మూడోసారి లోపల నవ్వు వినిపించింది. ఆ తర్వాత నేను ఏడాదిన్నరగా ఇంటి బయట వినని చప్పుడు వినిపించింది. నేను గోడకు ఆనుకుని నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ నా వైపు చూసి ముఖం చిట్లించారు. అల్లరి చెయ్యకు, పాప వింటుంది అన్నట్టు.

ఇంకొక నెలకి గడియ పెట్టుకోవడం నేర్చుకుంది. స్కూల్లో సంగతి వేరుగా తేల్చారు ఆవిడ. ఒకరోజు సెలవు పెట్టి స్కూలుకు వెళ్ళి, పిల్లల మరుగుదొడ్డి చూసి, బల్బు లేకపోతే తనే ఒక బల్బు తెచ్చి, అక్కడి ఆయాకి ఇచ్చి పెట్టించారు. హెడ్‌మిస్ట్రెస్ “మీరెవరు?” అని అడిగితే “సెంట్రల్ గవర్నమెంట్” అన్నారట. ఆ మాట ఆయా నాకు భయభక్తులతో చెప్పింది.

మిగిలింది రైలు. ఆ ఎండాకాలం మేము విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది. మా మామగారికి ఒంట్లో బాగాలేదు. మావారు ముందే వెళ్ళారు. రైలు మధ్యాహ్నం. ఆవిడ మమ్మల్ని ఎక్కించడానికి స్టేషనుకు వచ్చారు. సామాను పెట్టగానే వాణిని చెయ్యి పట్టుకుని పెట్టె చివరికి తీసుకెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను.

“రైలు ఆగినప్పుడు వాడకూడదని రాసినారు. చూడకూడదని రాయలేదు గదా,” అని తలుపు తెరిచారు.

వాణి గుమ్మం దగ్గరే బిగుసుకుపోయింది. దాని కళ్ళు ఆ చిల్లు మీదే. కింద కంకర రాళ్ళు, మెరుస్తున్న పట్టా. “గిర్ జాఊఁగీ,” అంది. పడిపోతాను అని.

ఆవిడ వంగి, తన చెప్పు తీసి, ఆ చిల్లుకు అడ్డంగా పెట్టారు. చెప్పు పడలేదు. నిలువుగా తిప్పి పెట్టారు. మడమ దగ్గర ఇరుక్కుని ఆగింది.

“నా చెప్పే పట్టలేదు. ఇంక నువ్వు ఎట్ల పడతావు? నీ తల పడుతుందా? భుజాలు పడతాయా? నువ్వే పెట్టి చూడు.”

వాణి నా చేతిని వదిలింది. మెల్లగా లోపలికి వెళ్ళి, కూర్చుని, ఆ చెప్పుని అటూ ఇటూ తిప్పి చూసింది. చెప్పుని గట్టిగా నొక్కింది కూడా. పడలేదు. సరిగ్గా అప్పుడు బండి కదిలింది.

ఆవిడ “అయ్యో దేవుడా” అంటూ తలుపు వైపు పరుగెత్తారు. ఎవరో చెయ్యి అందిస్తే ప్లాట్‌ఫారం మీదికి దిగారు. పడలేదు గానీ తూలారు. చెప్పు మా దగ్గరే ఉండిపోయింది. ఆ మండుటెండలో ఒక కాలికి చెప్పుతో, రెండో కాలు నేల మీద ఆననివ్వకుండా ఎత్తి పట్టుకుని, పక్కనున్న తోపుడుబండిని ఊతంగా పట్టుకుని చెయ్యి ఊపుతున్నారు. వాణి కిటికీలోంచి చూసి పకపకా నవ్వింది. ఆవిడా నవ్వుతున్నారు. నాకిప్పటికీ ఆవిడ అనగానే అదే కనిపిస్తుంది.

మథుర దాటాక వాణి నా కొంగు లాగింది. తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళి, నన్ను బయటే ఉండమంది. “మమ్మీ, తుమ్ బాహర్ రహో. పైర్ దిఖావో.” ఆ తలుపు కింద ఖాళీ లేదు. కాలు చూపించడం కుదరదు. అందుకని తలుపుని కాలితో తట్టాను. లోపల్నించి అది తట్టింది. విజయవాడ దాకా ఎన్నిసార్లు తట్టానో లెక్క లేదు. లోపల ఉన్నవాళ్ళని తొందరపెడుతున్నానని ఒకాయన నన్ను కోప్పడ్డాడు కూడా.

మూడేళ్ళ తర్వాత ఆవిడ రిటైరయ్యారు. వీడ్కోలు సభలో సమోసాలు, బంతిపూల దండ, ఆఫీసరుగారి ఉపన్యాసం. ఆవిణ్ణి రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి, తన హిందీలో, రెండో అంతస్తు ఆడవాళ్ళ గదిలో బల్బు పోయి నాలుగు నెలలయింది, కాస్త చూడండి అని కూర్చున్నారు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. బల్బు ఆ మర్నాడు వేశారు.

ప్రొద్దుటూరులో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. మొదట్లో ఉత్తరాలు రాసేవారు. ప్రతి ఉత్తరంలోనూ వాణి ఎన్నో క్లాసు అని ఉండేది. నేను జవాబులు రాశాను. తర్వాత ఆలస్యంగా రాశాను. తర్వాత రేపు రాద్దాం అనుకున్నాను. ఆఫీసు, వంట, అత్తగారి మంచం, మావారి గుండెపోటు. ఏడెనిమిదేళ్ళు అలా గడిచాయి. ఒకసారి కడప వైపు పెళ్ళికి వెళ్ళి కూడా అటు వెళ్ళలేదు. బస్సు మారాలంటే ఓపిక లేకపోయింది. అంతకన్నా చెప్పుకోడానికి కారణం లేదు.

పోయిన చలికాలంలో కార్డు వచ్చింది. ఆవిడ మేనల్లుడు రాశాడు. రెండో కిడ్నీ కూడా పాడయి, మూడు నెలలు మంచాన ఉండి పోయారట. ఇంటి గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివాను.

లోపల వాణి కాలేజీ వాళ్ళతో కుమావూఁ కొండలకు వెళ్ళడానికి సంచీ సర్దుకుంటోంది. పద్ధెనిమిదేళ్ళ పిల్ల. పది రోజులు బస్సుల్లో, గుడారాల్లో.

“ప్రొద్దుటూరు ఆంటీ పోయారే,” అన్నాను.

“కౌన్?” అంది తల ఎత్తకుండా.

“ఆంటీ. నీ చిన్నప్పుడు ప్రతి ఆదివారం వచ్చేవారు. మార్కెట్టు వెనక్కి తీసుకెళ్ళేవారు నిన్ను. రైల్లో చెప్పు మర్చిపోయారు...”

వాణి ఆగి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, పాపం. “సారీ మమ్మీ. కుఛ్ యాద్ నహీఁ. మార్కెట్టు వెనక్కి ఎందుకు?”

“నీకు బయట టాయిలెట్లంటే భయంగా ఉండేది.”

“ముఝే?” అని పెద్దగా నవ్వింది. “నాకా? నువ్వు ఇంకెవరి గురించో చెప్తున్నావ్.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని ఎండలో నిలబడ్డ ఆదివారాలన్నీ ఉన్నాయి, వాటిలో ఒక్కటైనా దీనికి గుర్తు ఉండొద్దా? కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాలనుకున్నాను. “అసలేమయిందంటే, నీకు మూడున్నర ఏళ్ళప్పుడు రైల్లో...” అని మొదలుపెట్టాను.

వాణి చేతిలోని స్వెట్టరు అలాగే పట్టుకుని, వినడానికి తల ఎత్తింది. ఆ చిల్లు గురించి, కింద పరుగెత్తే పట్టాల గురించి, జారిన కాలు గురించి చెబితే గానీ ఆవిడ దగ్గరికి రాలేను. వేరే దారి లేదు. పది రోజులు బస్సుల్లో తిరగబోయే పిల్లకి ఆ చిల్లు మళ్ళీ చూపించినట్టవుతుంది.

“రైల్లో ఏమయింది?” అంది.

“ఏమీ కాలేదు,” అన్నాను. “ఆ స్వెట్టరు అడుగున పెట్టకు. కొండల మీద చలి, ముందు అదే కావాలి.”